కాపలా కణం కణితికి కొలువు చేస్తోంది!

క్యాన్సర్ మీద చర్చ ఇప్పుడు కణితి దగ్గరే ఆగడం లేదు. దాని చుట్టూ ఉన్న వాతావరణం మీదకు మళ్లింది. మనల్ని కాపాడాల్సిన మాక్రోఫేజ్ కణాలను ఆ వాతావరణం ఎలా తనవైపు తిప్పుకుంటుందో అర్థం చేసుకుంటే గ్రూప్-1 మెయిన్స్ నుంచి సీఎస్ఐఆర్ నెట్ దాకా పనికొస్తుంది. లైఫ్ సైన్సెస్‌లో ఏ దారి పట్టాలో తేల్చుకోవడానికీ ఉపయోగపడుతుంది.

వార్తల్లో ఎందుకు?

2025 అక్టోబర్ 6న వైద్యశాస్త్ర నోబెల్ ప్రకటించారు. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచి ఈ బహుమతిని పంచుకున్నారు. మన రోగనిరోధక వ్యవస్థ మన శరీరం మీదే దాడి చేయకుండా ఆపే రెగ్యులేటరీ టీ కణాల గుట్టు విప్పినందుకు ఈ గౌరవం దక్కింది. అంతకుముందు 2018లో జేమ్స్ అలిసన్, తసుకు హోంజో ఇదే విభాగంలో నోబెల్ అందుకున్నారు. టీ కణాలకు ఉండే బ్రేకులు తీసేస్తే అవే క్యాన్సర్ కణాలను చంపుతాయని వాళ్లు చూపించారు. అంటే ఏడేళ్ల తేడాతో రెండు నోబెల్‌లు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. రోగనిరోధక కణం ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు ఆగాలి అన్నది ఎవరు చెప్తారు?

మన దేశంలోనూ కదలిక ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ సెంటర్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకు 2023 అక్టోబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దాన్ని జాతికి అంకితం చేశారు. రోగి టీ కణాలనే బయటకు తీసి, జన్యుమార్పు చేసి, మళ్లీ ఎక్కించే పద్ధతి ఇది. విదేశాల్లో కోట్లలో అయ్యే ఖర్చు ఇక్కడ దాదాపు పదో వంతుకు దిగింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. నెక్స్‌కార్19 పనిచేసేది కొన్ని రకాల రక్త క్యాన్సర్ల మీద. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తుల్లో వచ్చే గడ్డ క్యాన్సర్ల మీద కార్-టీకి ఇంకా ఆ స్థాయి ఫలితం రాలేదు. గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా దాదాపు 14.1 లక్షల క్యాన్సర్ కేసులు వచ్చాయి. 9.1 లక్షల మందికి పైగా చనిపోయారు. వీటిలో ఎక్కువ భాగం ఈ గడ్డ క్యాన్సర్లే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల అంటే బీడీలు చుట్టే ఊళ్లు. గొల్లపల్లి బస్టాండ్‌లో నిలబడితే బీడీ తాగేవాళ్లు, గుట్కా నమిలేవాళ్లు కనబడకుండా ఉండరు. పొగాకు తెచ్చే నోటి క్యాన్సర్ మనకు దూరపు సంగతి కాదు.

మరి రక్తంలో గెలిచిన చికిత్స గడ్డ దగ్గర ఎందుకు తడబడుతోంది? ప్రధాన కారణాల్లో ఒకటి మాక్రోఫేజ్.

తిండిపోతు కణం కథ

మాక్రోఫేజ్ అనే గ్రీకు మాటకు అర్థం 'పెద్ద తిండిపోతు'. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే జంతుశాస్త్రవేత్త, అద్దంలా లోపలంతా కనిపించే నక్షత్రచేప లార్వాలోకి గులాబీ ముల్లు గుచ్చాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. బయటి నుంచి వచ్చినదాన్ని మింగే కణాలు శరీరంలో ఉంటాయన్న ఆలోచన అక్కడ గట్టిపడింది. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

ఎముక మజ్జలో పుట్టే మోనోసైట్లు రక్తంలో తిరుగుతూ, అవసరమైన చోట కణజాలంలోకి దిగి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. కొన్ని మనం పుట్టకముందే అవయవాల్లో స్థిరపడతాయి. కాలేయంలో వీటి పేరు కుప్ఫర్ కణాలు, మెదడులో మైక్రోగ్లియా. పరీక్షల్లో తరచూ వచ్చే జతలు ఇవి.

మాక్రోఫేజ్‌కు రెండు డ్యూటీలు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. ఒకటి, సూక్ష్మజీవులను మింగి చంపడం, మిగతా కణాలకు హెచ్చరిక పంపడం. రెండు, పోరాటం అయ్యాక చెత్త ఎత్తి, కొత్త రక్తనాళాలు రప్పించి, గాయం మానేలా చూడడం. పొలంలో కొడవలి తగిలితే మొదటి రెండు మూడు రోజులు వాపు, మంట. తర్వాత మెల్లగా కొత్త చర్మం. ఈ రెండు దశల్లోనూ ఆ కణాలే ఉంటాయి. ఏ డ్యూటీ చేయాలో చుట్టూ ఉన్న సంకేతాలే చెప్తాయి. కణితి వాడుకునేది సరిగ్గా దీన్నే.

విత్తనం కాదు, నేల కూడా

1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లిష్ సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు పరిశీలించి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. క్యాన్సర్ శరీరమంతా సమానంగా పాకడం లేదని, కొన్ని అవయవాల్లోనే ఎక్కువగా స్థిరపడుతోందని గమనించాడు. విత్తనం ఎటైనా పడొచ్చు గానీ అనువైన నేలలోనే మొలుస్తుందన్నది ఆయన మాట. ఒకే విత్తనం చెల్కలో ఒకలా, నల్లరేగడిలో ఒకలా వస్తుందని మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయినా ఆ తర్వాత చాలాకాలం పరిశోధన విత్తనం మీదే నడిచింది. అందులో గొప్ప విజయాలున్నాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో మొదటిసారి తాత్కాలిక ఉపశమనం సాధించారు. ఫోలిక్ ఆమ్లం అందకుండా చేసి క్యాన్సర్ కణాన్ని మాడ్చే పద్ధతి అది. కీమోథెరపీ అనే శాఖకు పునాది పడిన ఘట్టాల్లో అదొకటి.

1986లో హెరాల్డ్ డ్వోరాక్ మళ్లీ నేల వైపు చూపు తిప్పాడు. కణితులు మానని గాయాల్లాంటివి అన్నాడు. గాయం మాన్పే యంత్రాంగం అంతా కణితి దగ్గర పనిచేస్తూనే ఉంటుంది, ఎప్పటికీ ఆగదు. కణితి చుట్టూ ఉన్న రక్తనాళాలు, తంతుకణాలు, రోగనిరోధక కణాలు, రసాయనాలు, ఆక్సిజన్ కొరత, ఆమ్లత్వం అన్నీ కలిపి ట్యూమర్ మైక్రోఎన్విరాన్‌మెంట్ అంటున్నారు. తెలుగులో కణితి సూక్ష్మ పరిసరాలు అనుకోవచ్చు.

మాక్రోఫేజ్‌ను ఎలా లొంగదీస్తుంది?

మొదటి మెట్టు: పిలవడం. కణితి కణాలు, వాటి చుట్టూ ఉన్న కణాలు సీసీఎల్2, సీఎస్ఎఫ్-1 వంటి ప్రోటీన్లు వదులుతాయి. సీసీఎల్2 రక్తంలోని మోనోసైట్లను లోపలికి లాగుతుంది. సీఎస్ఎఫ్-1 వాటిని బతికించి మాక్రోఫేజ్‌లుగా ఎదిగేలా చేస్తుంది. కొన్ని కణితుల బరువులో సగం దాకా మాక్రోఫేజ్‌లే ఉండొచ్చు.

రెండో మెట్టు: గాలి, నీరు మార్చడం. కణితి వేగంగా పెరిగేసరికి లోపల ఆక్సిజన్ చాలదు. పైగా క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడి లాక్టిక్ ఆమ్లం బయటకు వదులుతాయి. 1920ల్లో ఓటో వార్‌బర్గ్ గమనించిన లక్షణమిది. ఈ ఆమ్లం వృథా పదార్థం మాత్రమే కాదు, మాక్రోఫేజ్‌కు సంకేతం కూడా. 2014లో యేల్ విశ్వవిద్యాలయ బృందం నేచర్ పత్రికలో దీన్ని చూపించింది. లాక్టిక్ ఆమ్లం తగిలిన మాక్రోఫేజ్‌లలో హెచ్ఐఎఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ ద్వారా వీఈజీఎఫ్, ఆర్జినేజ్-1 పెరిగాయి.

మూడో మెట్టు: మాట మార్పించడం. ఐఎల్-4, ఐఎల్-10, టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలు 'పోరాటం అయిపోయింది, ఇక మరమ్మతు చూడు' అన్న సందేశం ఇస్తాయి. మాక్రోఫేజ్ దాన్ని నమ్ముతుంది. ఇక్కడ దాని తప్పేం లేదు. గాయం దగ్గర అయితే అది చేయాల్సిన పనే అది.

నాలుగో మెట్టు: పని చేయించుకోవడం. వీఈజీఎఫ్ కొత్త రక్తనాళాలను రప్పిస్తుంది, కణితికి తిండి అందుతుంది. మాక్రోఫేజ్ వదిలే ఎంజైమ్‌లు చుట్టూ ఉన్న కణజాలపు అల్లికను కోస్తాయి, క్యాన్సర్ కణాలు పారిపోవడానికి దారి దొరుకుతుంది. ఆర్జినేజ్ అనే ఎంజైమ్ ఆర్జినిన్‌ను తినేస్తుంది, అది లేక టీ కణాలు నీరసపడతాయి. పైగా మాక్రోఫేజ్‌ల మీద ఉండే పీడీ-ఎల్1 టీ కణాల బ్రేకు నొక్కుతుంది. ఎంతో ఖర్చుపెట్టి తయారుచేసిన టీ కణాలు గడ్డ దగ్గరకొచ్చి చతికిలపడడానికి ఇదీ ఒక కారణం.

ఇదంతా ఊహ కాదనడానికి 2001లో జెఫ్రీ పొలార్డ్ బృందం ఎలుకల్లో చేసిన ప్రయోగం చదవాలి. రొమ్ము కణితులు వచ్చే ఎలుకల్లో సీఎస్ఎఫ్-1 లేకుండా చేశారు. మాక్రోఫేజ్‌లు తగ్గిపోయాయి. కణితి పుట్టడం ఆగలేదు. కానీ అది ప్రమాదకరంగా మారడం, ఊపిరితిత్తులకు పాకడం బాగా నెమ్మదించింది. అంటే విత్తనం మొలిచింది గానీ నేల సహకరించలేదు.

ఎం1, ఎం2: పరీక్షకు ఒక మాట, నిజానికి ఇంకో మాట

పుస్తకాల్లో మాక్రోఫేజ్‌లను రెండుగా విడదీస్తారు. పోరాడేవి ఎం1, మరమ్మతు చేసేవి ఎం2. ఇంటర్‌ఫెరాన్ గామా, బ్యాక్టీరియా పదార్థాలు తగిలితే ఎం1 వైపు, ఐఎల్-4, ఐఎల్-13 తగిలితే ఎం2 వైపు వెళ్తాయి. కణితిలో ఉండేవి ఎక్కువగా ఎం2 లాంటివి. ఆబ్జెక్టివ్ ప్రశ్నకు ఈ విభజన చాలు.

మెయిన్స్‌లోనో ఇంటర్వ్యూలోనో అయితే ఒక అడుగు ముందుకెళ్లండి. ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివే సింగిల్ సెల్ ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ వచ్చాక ఈ రెండు డబ్బాల లెక్క సరిపోవడం లేదు. ఒకే కణంలో రెండు లక్షణాలూ కనిపిస్తున్నాయి. ఆక్సిజన్ తక్కువున్న మూలలో ఉన్న మాక్రోఫేజ్ ఒకలా, రక్తనాళం పక్కనున్నది ఇంకోలా ఉంటోంది. ఎం1, ఎం2 అనేవి రోడ్డుకు రెండు చివర్లు, నడుమ చాలా ఊళ్లున్నాయి అని రాస్తే మీ జవాబు మిగతావాటి నుంచి వేరుగా నిలుస్తుంది.

మందులు ఎక్కడిదాకా వచ్చాయి?

మాక్రోఫేజ్‌ల మీద పనిచేసే మందులు మూడు దారుల్లో నడుస్తున్నాయి. మూడింట్లోనూ ఆశ ఉంది, ఎదురుదెబ్బా ఉంది.

మొదటి దారి, పిలుపు ఆపడం. సీఎస్ఎఫ్-1 గ్రాహకాన్ని అడ్డుకునే పెక్సిడార్టినిబ్ అనే మందుకు 2019 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది కీళ్ల దగ్గర వచ్చే ఒక అరుదైన కణితికి. ఆ కణితి పెరుగుదలే సీఎస్ఎఫ్-1 మీద ఆధారపడుతుంది కాబట్టి మందు పనిచేసింది. రొమ్ము, పెద్దపేగు వంటి సాధారణ క్యాన్సర్లలో ఈ దారి ఇప్పటిదాకా అంతగా కలిసిరాలేదు.

రెండో దారి, మళ్లీ మింగేలా చేయడం. క్యాన్సర్ కణాలు తమ మీద సీడీ47 అనే ప్రోటీన్‌ను ఎక్కువగా పెట్టుకుంటాయి. అది మాక్రోఫేజ్‌కు 'నన్ను తినకు' అని చెప్పే గుర్తు. స్టాన్‌ఫోర్డ్‌లో ఇర్వింగ్ వైస్‌మన్, రవీంద్ర మాజేటి తదితరులు 2009లో లుకేమియా మూలకణాల మీద దీన్ని చూపించారు. ఆ గుర్తును కప్పేసే మాగ్రోలిమాబ్ కోసం గిలియడ్ కంపెనీ 2020లో 490 కోట్ల డాలర్లతో ఫార్టీ సెవెన్ అనే సంస్థను కొన్నది. 2024 నాటికి రక్త క్యాన్సర్లలో ఆ మందు పెద్ద ప్రయోగాలు ఆగిపోయాయి. ఆశించిన ప్రయోజనం రాలేదు, ఒక ప్రయోగంలో మరణాల ముప్పు పెరిగింది. మన ఎర్ర రక్తకణాల మీద కూడా సీడీ47 ఉంటుందన్నది ఈ మందులకు మొదటినుంచీ ఉన్న చిక్కు. ఒక గుర్తు కప్పితే శత్రువుతోపాటు సొంతవాళ్లూ దెబ్బతింటారు.

మూడో దారి, కణానికి కొత్త శిక్షణ. కార్-టీ తరహాలోనే మాక్రోఫేజ్‌కు జన్యుమార్పు చేసి కణితిని గుర్తుపట్టేలా చేయడం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం 2020లో ఈ పద్ధతిని ప్రచురించింది, మనుషుల్లో తొలి దశ ప్రయోగాలూ జరిగాయి. అనుమతి పొందిన కార్-మాక్రోఫేజ్ చికిత్స మాత్రం ఇప్పటికి ఒక్కటీ లేదు.

'ఇమ్యూనిటీ బూస్టర్' అమ్మే ఉద్యోగం వస్తే?

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలను వెతుక్కుంటూ వచ్చే 'అవకాశాల్లో' ఇదొకటి. ఒక పొడి డబ్బా, ఒక కిట్, కింద ఇంకో ఇద్దరిని చేర్పిస్తే కమీషన్. ఇమ్యూనిటీ పెరిగితే క్యాన్సర్ తగ్గుతుందని చెప్పి రోగి ఇంటికి వెళ్లమంటారు.

పైన చదివిందంతా దీనికి జవాబు. కణితి దగ్గర సమస్య రోగనిరోధక కణాలు లేకపోవడం కాదు. కుప్పలుగా ఉన్నాయి. సమస్య వాటికి అందుతున్న ఆదేశాలది. ఆదేశాలు మారకుండా కణాలు మాత్రం పెంచితే ఎవరికి బలం? అందుకే నోబెల్ వచ్చిన చికిత్సలు కూడా డాక్టర్ల పర్యవేక్షణలో, ఏ రోగికి పనిచేస్తుందో పరీక్షలు చేసి ఇస్తారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి 1955 నుంచి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెరిగింది. పొడి డబ్బాకు పెట్టే డబ్బు, అంతకన్నా విలువైన రెండు మూడు నెలల కాలం పోగొట్టుకోకుండా రోగిని ముందు అక్కడికి పంపించడం సైన్స్ చదివినవాళ్ల బాధ్యత. కమీషన్ కోసం పొరుగింటి రోగిని ఆలస్యం చేసే పని ఉద్యోగం అనిపించుకోదు.

ఇందులో మనకు కొలువు ఎక్కడ?

మాక్రోఫేజ్ ఉద్యోగం అని ప్రకటన ఎక్కడా రాదు. కానీ చూపు విత్తనం నుంచి నేలకు మారడంతో కావాల్సిన నైపుణ్యాలు మారాయి. ఒక కణాన్ని కాదు, లక్షల కణాల గుంపును ఒకేసారి చదవాలి. దానికి జీవశాస్త్రం, కంప్యూటర్ రెండూ తెలిసినవాళ్లు కావాలి.

బీఎస్సీ చదువుతున్నవాళ్లకు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బీజడ్‌సీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివేవాళ్లు ఒక విషయం సూటిగా తెలుసుకోవాలి. బీఎస్సీతో దొరికేవి ఎక్కువగా ఫార్మా ప్లాంట్లలో ప్రొడక్షన్, క్వాలిటీ కంట్రోల్ పనులు. పరిశోధన వైపు రావాలంటే ఎంఎస్సీ తప్పదు. సీపీగెట్, సీయూఈటీ పీజీ, ఐఐటీ జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్, గ్యాట్-బి ఇందుకు దారులు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌తో డిగ్రీలోనే పెద్ద ల్యాబ్ చూసే వీలుంది.

ఎంఎస్సీ తర్వాత: సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్ నాలుగో యూనిట్‌లో క్యాన్సర్, సహజ, ఆర్జిత రోగనిరోధకత, కణ సంకేతాలు ఒకే చోట ఉన్నాయి. ఈ వ్యాసంలోని అంశం ఆ మూడింటి కూడలి. జేఆర్ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్, 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న మొత్తమిది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, నైపర్, బయట నవీ ముంబైలో యాక్ట్రెక్, పుణెలో ఎన్‌సీసీఎస్ చూసుకోవచ్చు. మన దేశపు నోటి క్యాన్సర్ జన్యుపటాన్ని 2013లో ప్రచురించింది యాక్ట్రెక్, కల్యాణిలోని ఎన్ఐబీఎంజీ కలిసే.

ఇంజినీరింగ్ వాళ్లకు: నాచుపల్లి జేఎన్‌టీయూలో కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లకూ ఇందులో చోటుంది. సింగిల్ సెల్ డేటా విశ్లేషణకు ఆర్, పైథాన్, స్టాటిస్టిక్స్ కావాలి. ది క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ వంటి డేటా చాలావరకు ఉచితం. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే ఊళ్లో కూర్చుని ఒక చిన్న ప్రాజెక్టు చేసి చూపించొచ్చు. వేలకు వేలు పెట్టి కొనే ఆన్‌లైన్ సర్టిఫికెట్ కన్నా ఆ ప్రాజెక్టుకే ఇంటర్వ్యూలో విలువ ఎక్కువ.

ఆస్పత్రి వైపు వెళ్లేవాళ్లకు: ఎంఎల్‌టీ చేసినవాళ్లు పాథాలజీ ల్యాబ్‌లో ఇమ్యూనోహిస్టోకెమిస్ట్రీ నేర్చుకోవాలి. కణితి ముక్కలో మాక్రోఫేజ్‌లను సీడీ68 అనే గుర్తుతో రంగు వేసి చూసేది అక్కడే. బీఫార్మసీ, ఫార్మ్‌డీ వాళ్లకు క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్, ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాలున్నాయి. మాగ్రోలిమాబ్ ప్రయోగంలో ముప్పు బయటపడింది ఇలాంటి పని చేసేవాళ్లు ప్రతి రోగి వివరం జాగ్రత్తగా నమోదు చేయడం వల్లనే.

పరీక్షల్లో ఇలా అడగొచ్చు

1. కణాలు బయటి పదార్థాలను మింగడాన్ని నక్షత్రచేప లార్వాలో గమనించినవారు? జవాబు: మెచ్నికోవ్.

2. కాలేయంలో స్థిరపడిన మాక్రోఫేజ్‌ల పేరు? జవాబు: కుప్ఫర్ కణాలు.

3. 'నన్ను తినకు' అనే సంకేతంగా పనిచేసే ప్రోటీన్? జవాబు: సీడీ47.

4. విత్తనం–నేల సిద్ధాంతం ఎవరిది? జవాబు: స్టీఫెన్ పేజెట్, 1889.

5. వ్యాసరూప ప్రశ్న: గడ్డ క్యాన్సర్లలో ఇమ్యూనోథెరపీకి ఉన్న అవరోధాలను కణితి పరిసరాల కోణంలో విశ్లేషించండి. గ్రూప్-1 మెయిన్స్ ఐదో పేపర్, యూపీఎస్సీ జనరల్ స్టడీస్ మూడో పేపర్ స్థాయి ప్రశ్న ఇది. ముందు కార్-టీ రక్త క్యాన్సర్లలో సాధించింది రెండు వాక్యాల్లో చెప్పండి. తర్వాత పిలవడం, వాతావరణం మార్చడం, సంకేతాలు, పని చేయించుకోవడం అనే నాలుగు మెట్లు రాయండి. మందుల్లో ఒక విజయం, ఒక వైఫల్యం ఇవ్వండి. చివర్లో మన దేశానికి వర్తింపజేయండి: పొగాకు నియంత్రణ, ముందుగా గుర్తించడం, స్వదేశీ చికిత్సల ధర. వైఫల్యాన్ని దాచకుండా రాసిన జవాబుకు బరువు ఎక్కువ.

మాక్రోఫేజ్ శత్రువూ కాదు, దేవుడూ కాదు. చుట్టూ ఉన్నది ఏం చెప్తే అది చేసే కణం. దానికి సరైన మాట చెప్పే మందు ఇంకా రావాల్సే ఉంది. వచ్చే పదేళ్లలో ఆ పని చేసే ల్యాబుల్లో, ఆస్పత్రుల్లో, డేటా బృందాల్లో చోటు కావాలంటే ఈ ఏడాది మీరు రాయబోయే దరఖాస్తు ఏదో ముందు తేల్చుకోండి.